జాడీలకు చీటీలంటించిన బాలుడు

1824వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, పండ్రెండేండ్లు నిండి రెండు దినములైన ఒక బాలుడు లండను నగరములో థేమ్సు నది యొడ్డుననున్న ఒక పాడుపడిన ఇంట పనికి కుదిరెను. అది బూట్లకు పూయు నల్లని పాలిషును తయారుచేయు కొట్టు. మెట్లపై ఎలుకలు స్వేచ్ఛగా పరుగులు తీయుచుండెను. పాలిషు నింపిన జాడీల మూతులపై నూనెకాగితమును, దానిపై నీలికాగితమును కప్పి, దారముతో బిగించి, అంచులు కత్తిరించి, చీటీ అంటించుట అతని పని. జీతము వారమునకు ఆరు షిల్లింగులు. ఆ బాలుడే చార్లెస్ డికెన్స్.

తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళపు జీతముల కార్యాలయమున గుమాస్తా. మంచి జీతమే వచ్చుచున్నను ఖర్చు దానిని మించుచుండెను. కుమారుడు పనిలో చేరిన కొలది దినములకే, రమారమి నలువది పౌనుల బాకీకై అతనిని మార్షల్సీ కారాగారమున నిర్బంధించిరి. కొంతకాలమునకు తల్లియు చిన్నపిల్లలును అక్కడికే చేరిరి. చార్లెస్ వెలుపల ఒంటరిగా బసచేసి, జీతపు డబ్బును దినమునకొక పొట్లముగా కట్టి, దానిపై వారము పేరు వ్రాసి దాచుకొనెడివాడు. అయినను దారిలో మిఠాయి దుకాణము కనబడినచో నాటి భోజనపు డబ్బు దాని పాలగుచుండెను. పండ్రెండేండ్లవాని వివేకము అంతకంటె ఎట్లుండును?

ఆ పనిని అతనికి నేర్పినవాడు బాబ్ ఫాగిన్ అను అనాథ బాలుడు. ఒకనాడు చార్లెస్ ప్రక్కనొప్పితో మెలికలు తిరుగుచుండగా, ఫాగిన్ ఖాళీ పాలిషు సీసాలలో వేడినీరు నింపి కాపడము పెట్టెను. సాయంకాలము ఇంటివరకు తోడు వచ్చెను. కారాగారపు సంగతి బయటపడునని జంకి, చార్లెస్ ఒక పరాయి ఇంటి మెట్లకడ నిలిచి, అదే తన ఇల్లన్నట్లు నటించి అతనిని పంపివేసెను. తరువాతి కాలమున 'ఆలివర్ ట్విస్ట్' నవలలో పిల్లలకు దొంగతనము నేర్పు ముసలివానికి ఈ ఉపకారి పేరే పెట్టుట న్యాయముగా తోచదు. అవమానము మేలుచేసిన చేతిని కూడ మన్నింపదు కాబోలు.

కొన్ని నెలలకు తండ్రి విడుదలయ్యెను. కొడుకునకు మాత్రము పని తప్పలేదు. కొట్టును వేరొక వీధికి మార్చిన పిమ్మట అతడు కిటికీయొద్ద పనిచేయుచుండగా, బాటసారులు నిలిచి ఆ చేతివేగమును వింతగా చూచుచుండిరి. తుదకు తండ్రికిని, కొట్టు నడుపుచున్న బంధువునకును కలహము కలిగి ఆ పని పోయెను. తల్లి రాజీ కుదిర్చి బాలుని మరల పంపజూచెను. తండ్రి వలదని బడిలో చేర్చెను. తల్లి చేసిన ఆ యత్నమును డికెన్స్ జీవితాంతము మరువలేదు.

1827లో చదువు మరల ఆగెను. పదునైదేండ్ల వయసున న్యాయవాదుల కార్యాలయమున గుమాస్తాగా చేరి, కాగితములు మోయుచు, నకళ్లు వ్రాయుచు ఏడాదిన్నర గడపెను. విసుగు పుట్టించు పనియే. కాని అక్కడికి వచ్చు కక్షిదారుల మాటతీరును నడకను పట్టి, అనుకరించి తోటివారిని నవ్వించుచుండెను. పిదప కఠినమైన గర్నీ సంక్షిప్తలిపిని స్వయముగా అభ్యసించి, మొదట న్యాయస్థానములందును, తరువాత పార్లమెంటునందును విలేఖరి అయ్యెను. దూరప్రాంతపు సభలకు వెళ్ళి, రాత్రివేళ పరుగెత్తు గుఱ్ఱపుబండిలో, లాంతరు వెలుగున, అరచేతిపై కాగితముంచి ప్రసంగములను పూర్తిగా తిరుగ వ్రాసెడివాడు. గడువులోపల వ్రాయుట, మనిషి గొంతును వ్రాతలో పట్టుట అతనికి అబ్బినది ఈ బండ్లలోనే.

1833 డిసెంబరులో తొలికథ అచ్చయ్యెను, ప్రతిఫలము లేదు. 1836లో 'పిక్విక్ పేపర్స్' నెలనెలకు ఒక భాగముగా వెలువడసాగెను. మొదట అమ్ముడుపోయినవి కొద్ది ప్రతులే. తుదకు ఆ సంఖ్య నలువదివేలకు పెరిగెను. ఆ యేడే విలేఖరి పనిని విడిచెను.

గుమాస్తాలను గూర్చి, న్యాయవాదులను గూర్చి అతడు బాహాటముగా హాస్యమాడెను. పాలిషు కొట్టును మాత్రము దాచెను. 1849-50లో వెలువడిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో దానిని ద్రాక్షసారా గోదాముగా మార్చెను. అసలు సంగతిని స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్‌కు చెప్పెనే గాని కన్నబిడ్డలకు చెప్పలేదు. 1869 క్రిస్మస్ పండుగనాడు ఇంటివారందరు జ్ఞాపకశక్తి ఆట ఆడుచుండగా, తన వంతు రాగానే డికెన్స్ ఆ పాలిషు పేరును, స్ట్రాండు వీధిలోని దాని చిరునామాను పలికెను. ఆ మాటలు ఎచ్చటివో ఎవరికిని తెలియలేదు. మరుసటి యేడు జూన్ 9న అతడు మరణించెను. ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్రను చదివిన పిమ్మటనే, ఆనాడు తండ్రి పలికిన చిరునామా ఏమిటో కుమారునకు తెలిసినది.