ప్రజల చరిత్ర రాసిన సురవరం

మనం పరీక్షల కోసం చదివే చరిత్రలో రాజులు, యుద్ధాలే ఎక్కువ. మన తాతముత్తాతలు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో అందులో కనపడదు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్న మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి గారు.

1896లో పాలమూరు ప్రాంతంలో జన్మించారు. లా చదివారు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు.

కావ్యాలు, శతకాలు, శాసనాలు, సామెతలు గాలించి తిండి, బట్ట, ఆటలు, పండుగలు, నమ్మకాలను 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'గా రాశారు. అది 1949లో వెలువడింది. 1953లో ఆయన కన్నుమూశారు. 1955లో ఆ గ్రంథానికే తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

అయితే కావ్యాలకెక్కని కూలీల, దళితుల బతుకులు ఇంకెన్నో మిగిలే ఉన్నాయి. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. తమ్ముళ్ళారా, పేట్ బషీరాబాద్ నుంచి సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతలను, అమ్మమ్మలను అడిగి రాసి పెట్టుకుందాం. వాళ్ళు పోయాక అడిగేందుకు ఎవరూ ఉండరు.