గోల్కొండ చివరి సుల్తాన్ సమాధి గోల్కొండలో ఎందుకు లేదు?

హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధులు చూడటానికి పిల్లాపాపలతో వెళ్లేవాళ్లు చాలామందే. వంశాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ నుంచి అబ్దుల్లా కుతుబ్ షా దాకా వరసగా అందరూ అక్కడే నిద్రపోతున్నారు. ఒక్కరు మాత్రం లేరు. ఆ ఒక్కరే గోల్కొండను చివరగా ఏలిన అబుల్ హసన్ కుతుబ్ షా. జనం పిలిచే పేరు తానాషా.

ఈ పేరుకు జరిగినంత అన్యాయం ఇంకే సుల్తాన్ పేరుకూ జరగలేదేమో. ఉర్దూ, హిందీ మాటల్లో ఇవాళ తానాషా అంటే నియంత. ఎన్నికలొస్తే చాలు, ఎదుటి పార్టీ వాళ్లది తానాషాహీ అని అందరూ అరుస్తారు. ఆ పేరున్న అసలు మనిషి మాత్రం గద్దె కోసం ఎవరితోనూ తగాదా పెట్టుకున్నవాడు కాదు. గద్దే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది, అదీ పెళ్లి బట్టల్లో.

అబుల్ హసన్‌కు రాజవంశంతో దూరపు చుట్టరికం ఉంది, అంతే. చేతిలో చిల్లిగవ్వ లేదు. హైదరాబాద్‌లో పేరున్న సూఫీ పెద్ద హజ్రత్ షా రాజు దగ్గర మురీదుగా చేరి, ఆయన ఖాన్‌ఖాలో ఏళ్ల తరబడి ఫకీరు బతుకు బతికాడు. తానాషా అనే ముద్దు పేరు పెట్టింది కూడా ఆ ముర్షిదే అంటారు. మంచి మనసున్న కుర్రాడు అనే అర్థంలో అలా పిలిచేవారట.

అప్పటి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. ఒకమ్మాయిని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చారు. ఇంకో అల్లుడు మీర్జా నిజాముద్దీన్ అహ్మద్. మూడో అమ్మాయికి సయ్యద్ సుల్తాన్ అనే యువకుడితో సంబంధం ఖాయమైంది. పెళ్లి ఏర్పాట్లన్నీ అయిపోయాయి. సరిగ్గా నికాహ్ దగ్గరపడ్డాక కాబోయే తోడల్లుళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. ఈ పెళ్లి జరిగితే తాను రాజ్యం వదిలి వెళ్లిపోతానని నిజాముద్దీన్ అహ్మద్ పట్టుబట్టాడు. పెళ్లిళ్లలో అలిగే అల్లుళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు కానీ, ఈ అలక ఒక రాజ్యం జాతకాన్నే మార్చేసింది.

సుల్తాన్‌కు ఏం చేయాలో పాలుపోలేదు. విందు సిద్ధం, చుట్టాలు వచ్చేశారు, పెళ్లికొడుకు మాత్రం లేడు. రాజవంశపు రక్తం ఉన్నవాడు ఒకడు షా రాజు ఖాన్‌ఖాలో ఉన్నాడని ఎవరో గుర్తు చేశారు. మనుషులు పరుగున వెళ్లి అబుల్ హసన్‌ను తీసుకొచ్చి, స్నానం చేయించి, వరుడి దుస్తులు తొడిగి కూర్చోబెట్టారు. ఆ రోజుల్లోనే షా రాజు తన మురీదుకు ఖాన్‌ఖాలో సరదాగా మెహందీ వేడుక జరిపించారని, జరగబోయేది ఆయనకు ముందే తెలుసని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సయ్యద్ సుల్తాన్ అవమానం తట్టుకోలేక తన పెళ్లి సామానంతా తగలబెట్టి మొఘలుల కొలువుకు వెళ్లిపోయాడని చరిత్రకారులు రాశారు.

1672లో అబ్దుల్లా కన్నుమూశాడు. గద్దె కోసం తోడల్లుళ్ల మధ్య పోటీ వచ్చింది. సైన్యాధిపతి సయ్యద్ ముజఫ్ఫర్, ఆయన దగ్గర పనిచేసే మాదన్న, మరికొందరు అమీర్లు కలిసి అబుల్ హసన్‌ను కూర్చోబెట్టారు. మెతక మనిషి కదా, చెప్పినట్టు వింటాడు అనుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ముజఫ్ఫర్ పక్కకు వెళ్లాడు. ప్రధాని పదవి మాదన్నకు, ముఖ్యమైన బాధ్యతలు ఆయన అన్న అక్కన్నకు దక్కాయి.

తానాషా పాలనలో లోపాలు లేవని కాదు. సంగీతం, విందులు, మందు, విలాసాలు బాగానే ఉండేవి. పని భారమంతా మాదన్న మీద వదిలేశాడనేది నిజమే. పన్నులు గట్టిగానే వసూలు చేసేవారు. భద్రాచలం గుడి కోసం ఖజానా డబ్బు వాడిన మాదన్న మేనల్లుడు కంచర్ల గోపన్నను, అంటే మన రామదాసును, చెరసాలలో పెట్టింది ఈ సుల్తానే. తర్వాత విడిచిపెట్టి, సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టిందీ ఆయనే అని భద్రాచలంలో చెబుతారు. మచిలీపట్నం వైపు పర్యటనకు వెళ్లినప్పుడు భాగవతుల నాట్యం చూసి ముచ్చటపడి కూచిపూడి గ్రామాన్ని వాళ్లకు రాసిచ్చాడనేది కృష్ణా జిల్లాలో తరతరాల మాట. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చినప్పుడు అతిథిగా ఆదరించి ఒప్పందం చేసుకున్నాడు.

ఢిల్లీకి కంటగింపయింది కూడా ఇదే. మరాఠాలకు సాయం చేయడం, బ్రాహ్మణ మంత్రులకు పెత్తనం ఇవ్వడం, విలాసాల్లో మునిగిపోవడం అని ఔరంగజేబు నేరాల జాబితా తయారుచేశాడు. గోల్కొండ వజ్రాలు, గోల్కొండ ఖజానా ఆ జాబితాలో లేవు కానీ అవి ఎవరి కంటికి కనిపించలేదు? దక్కన్‌లోని ముస్లిం రాజ్యాల మీద దండయాత్రకు మద్దతు ఇవ్వలేక మొఘల్ దర్బారు ఖాజీ షేఖుల్ ఇస్లాం పదవి వదిలేసి మక్కా వెళ్లిపోయారు.

1685లో షాజాదా షా ఆలం సైన్యంతో వచ్చాడు. గోల్కొండ సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో చేతులు కలిపాడు. తానాషా రాత్రికి రాత్రి హైదరాబాద్ వదిలి కోటలోకి వెళ్లాడు, ఊరు దోపిడీ అయింది. మరుసటి ఏడాది మార్చిలో కోటలోని కుట్రదారులు అక్కన్న మాదన్నలను వీధిలోనే నరికి చంపారు. ఆ తలతో అయినా మొఘలులు వెనక్కి పోతారనుకున్నారు. పోలేదు.

1687 జనవరి చివర్లో ఔరంగజేబే స్వయంగా గోల్కొండ ముందు దిగాడు. వయసు 69వ ఏట పడింది. ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. మొదట్లోనే ఫిరంగి గుండు తగిలి ఖిలీచ్ ఖాన్ అనే పెద్ద సేనాని చెయ్యి ఎగిరిపోయింది. హకీములు ఎముక ముక్కలు తీస్తుంటే ఆయన కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడాడట. కొద్ది రోజులకే చనిపోయాడు, సమాధి ఇప్పటికీ కిస్మత్‌పూర్‌లో ఉంది. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. తానాషాతో రహస్యంగా సంధి మాటలు నడుపుతున్నాడని షా ఆలంను తండ్రే ఖైదు చేయించాడు.

మే నెలలో ఒక రాత్రి మొఘల్ సైనికులు చప్పుడు కాకుండా నిచ్చెనలతో గోడ ఎక్కారు. పైన ఒక వీధి కుక్క మొరిగి కాపలావాళ్లను లేపింది. దాడి విఫలమైంది. తానాషా ఆ కుక్కను పిలిపించి మెడలో బంగారు గొలుసు వేయించాడని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. కందకం పూడ్చటానికి సంచుల్లో మట్టి నింపాల్సి వస్తే మొదటి సంచిని ఔరంగజేబు వుజూ చేసి తన చేత్తో కుట్టాడని కూడా ఆయనే రాశాడు. జూన్‌లో మొఘలులు పెట్టిన మందుపాతరలు వెనక్కి పేలి వాళ్ల మనుషులే వందల్లో పోయారు. పైనుంచి వాన, కింద కరువు, డేరాల్లో రోగాలు.

ఇన్ని చేసినా పడని కోట లంచానికి పడింది. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పనీ అనే కోట అధికారి ఒక చిన్న ద్వారం తెరిచాడు. అదే కోటలో ఇంకొక అధికారి, అబ్దుర్ రజాక్ లారీ, ఔరంగజేబు పంపిన పదవుల ఫర్మానాను అందరి ముందూ చింపేసినవాడు. ఆ రాత్రి గుర్రం ఎక్కి దాదాపు ఒంటరిగా కత్తి దూసి, 70 దాకా గాయాలతో పడిపోయాడు. ఆ విశ్వాసం చూసి ఔరంగజేబు తన వైద్యులను పంపి బతికించాడు.

తానాషాకు కేకలు వినిపించాయి. జనానాలో అందరినీ ఓదార్చి, తప్పులుంటే క్షమించమని అడిగి, దర్బారు గదిలో మసనద్ మీద వచ్చి కూర్చున్నాడు. భోజనం వేళ అయింది, దస్తర్‌ఖాన్ వేయమన్నాడు. రూహుల్లా ఖాన్, మిగతా మొఘల్ సర్దార్లు లోపలికి వస్తే ముందు సలాం చేసి, మర్యాదగా కూర్చోబెట్టి, తింటారా అని అడిగాడు. ఇలాంటప్పుడు ముద్ద ఎలా దిగుతోందని వాళ్లు ఆశ్చర్యపోయారు. ఫకీరుగా ఉన్న తనను సుల్తాన్ చేసింది అల్లాహ్, ఇచ్చినవాడే తీసుకున్నాడు, అందులో ఏడవడానికేముందని ఆయన జవాబిచ్చాడు. ఖాన్‌ఖాలో గడిపిన ఏళ్లు ఆ పూట పనికొచ్చాయి. తిని, చేయి కడుక్కుని, ముత్యాల హారాలు వేసుకుని గుర్రం ఎక్కి వెళ్లాడు. ఖజానాలో మొఘలులకు నగలు కాక దాదాపు ఏడు కోట్ల రూపాయల నగదు దొరికింది.

తర్వాత ఆయన్ను దౌలతాబాద్ కోటకు పంపి చీనీ మహల్‌లో ఉంచారు. పన్నెండేళ్లకు పైగా అక్కడే. మళ్లీ హైదరాబాద్ చూడలేదు. ఆ ఖైదులోనే పోయాడు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఖుల్దాబాద్‌లో, ఒక సూఫీ దర్గా ఆవరణలో మామూలు సమాధిలో ఖననం చేశారు. ఇక్కడ కుతుబ్ షాహీ సమాధుల్లో మాత్రం పూర్తికాని ఒక కట్టడం ఉంది. అది గద్దె పోటీలో ఓడిన ఆ అలిగిన తోడల్లుడు నిజాముద్దీన్ అహ్మద్‌ది.

ఔరంగజేబు 1707లో అహ్మద్‌నగర్‌లో చనిపోయాడు. ఆయన్నూ తెచ్చి ఖుల్దాబాద్‌లోనే, పైకప్పు లేని మట్టి సమాధిలో పెట్టారు. 1748లో అదే ఊరికి ఇంకో జనాజా వచ్చింది. గోల్కొండ ముట్టడిలో చెయ్యి పోగొట్టుకున్న ఖిలీచ్ ఖాన్ మనవడిది. హైదరాబాద్‌లో ఆసఫ్ జాహీ వంశాన్ని మొదలుపెట్టిన మొదటి నిజాం ఆయన. గోల్కొండ పోగొట్టుకున్నవాడు, గెలుచుకున్నవాడు, చివరికి ఏలుకున్నవాడు, ముగ్గురూ ఇప్పుడు ఆ చిన్న ఊళ్లోనే ఉన్నారు.