డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసులో కృతార్థులైరి. వైద్యకళాశాలలో గాంధీమహాత్ముని పిలుపును మన్నించి ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సకు నిలిచినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్. మాత్రమే పొందిరి.

స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిరువురను కొలది దినముల యెడమున బలిగొనెను. ఆ రోగమున తిన్నది ఒంటబట్టదు, రక్తము క్షీణించును. మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1923లో సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డులో చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రి నౌకరీ చేసిరి. ఫిస్కీ పండితునితో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినొసగు పదార్థములపై వారు చేసిన పరిశోధన లోకప్రసిద్ధము.

1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలలో చేరిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. దాని మహిమ యేమన, మన దేహము సూక్ష్మకణముల సముదాయము. ఒక కణము రెండగుటచేతనే శిశువు పెరుగును, గాయము మానును, రక్తము నిండును. అన్నదమ్ములు వేరుపడునపుడు దస్తావేజునకు నకలు వ్రాయించుకొన్నట్లు, కణము చీలుటకు ముందు తన వంశలేఖనమునకు నకలు తీసికొనును. ఫోలిక్ ఆమ్లము లేనిచో ఆ నకలు పూర్తికాదు. ఎముకల మూలుగలో రక్తకణములు వృద్ధిపొందవు. సోదరుల నాటి వ్యాధిలో రక్తక్షీణతకు ముఖ్యకారణ మిదియే. ఈ ఆమ్లము అట్టి రోగులకు ప్రాణప్రదమయ్యెను.

అయితే రక్తపు కేన్సరున కణములు అదుపులేక చీలుచుండును. వానికి ఫోలిక్ ఆమ్లము అగ్నికి ఆజ్యమే. కావున సుబ్బారావుగారి బృందము ఆ ఆమ్లమువలెనే కనబడి, దాని స్థానము నాక్రమించి, పనిని మాత్రము స్తంభింపజేయు అమినోప్టెరిన్‌ను రూపొందించెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని మరణమే శరణ్యమైన 16 మంది పిల్లలకు ఇయ్యగా, 10 మందికి కొంతకాలము రోగము తగ్గుముఖము పట్టెను. ఆ ఫలితము 1948 జూనులో ప్రకటితమయ్యెను. దాని సోదరౌషధమగు మెథోట్రెక్సేట్ నేటికిని కేన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది.

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల పల్లెలలో బోదకాలు నివారణకై ఇంటింటను పంచిన డై ఇథైల్ కార్బమజీన్ మాత్రయు ఆయన ప్రయోగశాల ప్రసాదమే. మాత్ర మింగినవారిలో ఆయన పేరెరిగినవారు అరుదు.

ఫార్బర్ ఫలితము వెలువడిన రెండు మాసములకే, 1948 ఆగస్టులో, 53వ యేట ఆయన నిద్రలోనే హృద్రోగముచే పరమపదించిరి. స్వదేశమును మరల చూడలేదు. సోదరులను కాపాడలేకపోయిన ఆ చేతులు పరదేశమున ఎందరి బిడ్డలకో ఆయువు పోసినవి. పరీక్ష తప్పిన కుమారుని చూచి ఆశ వదలుకొను తల్లిదండ్రులు ఈ మహనీయుని చరిత్రమును తప్పక చదువవలెను.