ఏడు వంతెనల నుంచి రైలు పటం దాకా: లియోనార్డ్ ఆయిలర్ జీవనయానం

రైలు మార్గాల ఆట ముగిసే వేళకు బల్ల చుట్టూ ఒక చిన్న వివాదం రేగడం పరిపాటి. అలన్ ఆర్. మూన్ రూపకల్పన చేయగా 2004లో వెలువడిన ‘టికెట్ టు రైడ్’ ఆటలో ప్రతి ఆటగాడికీ 45 ప్లాస్టిక్ రైలు పెట్టెలు ఇస్తారు. వాటిని పటంపై పేర్చుతూ నగరాన్ని నగరంతో కలుపుకుంటూ పోవాలి. ఆట చివర ఎవరి మార్గం ఎక్కడా తెగకుండా అన్నిటికంటే పొడవుగా సాగిందో వారికి అదనంగా 10 పాయింట్లు దక్కుతాయి. ఒకే నగరం మీదుగా ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు గానీ, ఒకసారి లెక్కలోకి వచ్చిన రైలు పెట్టెను రెండోసారి లెక్కించకూడదు. నియమం ఇంత సులభమే. అయితే మార్గాలు కొమ్మలుగా చీలి, వలయాలుగా చుట్టుకున్న తరువాత పటంపై వేలు పెట్టి లెక్కించబోతే ఒక్కొక్కసారి ఒక్కొక్క మొత్తం వస్తుంది.

ఈ చిక్కుముడిని విప్పే సూత్రం ఆ ఆట పుట్టుకకు 269 సంవత్సరాల ముందే, ప్రయాణికుల రైలు అనేదే లేని కాలంలో, ఒక స్విస్ గణిత శాస్త్రవేత్త చేతికి చిక్కింది. ఆయనే లియోనార్డ్ ఆయిలర్. కంటిచూపు క్రమంగా కోల్పోయినా లెక్కను విడిచిపెట్టని మనిషిగా ఆయన చరిత్రలో నిలిచారు.

మతబోధకుని ఇంట గణితం

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి పాల్ ఆయిలర్ ప్రొటెస్టెంట్ మతబోధకుడు. తల్లి మార్గరెట్ బ్రూకర్. బాల్యం సమీపంలోని రీహెన్ గ్రామంలో గడిచింది. కుమారుడు తన వృత్తినే చేపట్టాలన్నది తండ్రి కోరిక. 13వ ఏటనే ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. అక్కడ ఆచార్యుడైన యోహాన్ బెర్నూలీ ఆ కుర్రవానికి నిత్యం పాఠం చెప్పడానికి తీరిక లేదన్నారు. కఠిన గ్రంథాలను సొంతంగా చదువుకొమ్మని, అర్థం కాని చోట్లను శనివారం మధ్యాహ్నాల్లో వచ్చి అడగమని సూచించారు. అడగవలసినవి వీలైనంత తక్కువగా ఉండేలా చూసుకోవడమే ఆ విద్యార్థికి అలవాటైంది. చివరకు ఆ ఆచార్యుడే తండ్రికి నచ్చజెప్పి, ఆయిలర్‌ను మతవిద్య నుంచి గణితం వైపు మళ్లించారు.

స్వదేశంలో ఉద్యోగం దొరకని ఆయిలర్ 1727 మే నెలలో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరుకున్నారు. అక్కడి విజ్ఞాన అకాడమీకి ఆయనను పిలిపించినది గురుపుత్రుడు, మిత్రుడు అయిన డేనియల్ బెర్నూలీ. ఆ రోజుల్లోనే చక్రవర్తిని మొదటి కేథరిన్ కన్నుమూయడంతో అకాడమీ భవిష్యత్తు అయోమయంలో పడింది. ఆయిలర్ కొంతకాలం రష్యా నౌకాదళంలో వైద్య విభాగపు కొలువు చేశారు. 1733లో డేనియల్ స్వదేశానికి మరలిపోగా గణిత పీఠం ఆయనకు లభించింది. మరుసటి ఏడాది చిత్రకారుడు గియోర్గ్ గ్సెల్ కుమార్తె కేథరినాను వివాహమాడారు. వారికి 13 మంది సంతానం కలిగినా బాల్యం దాటి బతికినవారు ఐదుగురే. ఒడిలో పసిబిడ్డ, కాళ్ల దగ్గర ఆడుకునే పిల్లలు ఉండగానే ఆయన గణితం వ్రాసేవారని సమకాలికులు చెప్పుకున్నారు.

ఏడు వంతెనల ప్రశ్న

ఆనాటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరం మధ్యగా ప్రెగెల్ నది ప్రవహించేది. నదీపాయల నడుమ క్నైఫాఫ్ అనే ద్వీపం ఉండేది. నదివల్ల నాలుగు భాగాలుగా విడిపోయిన ఆ నగరాన్ని ఏడు వంతెనలు కలిపేవి. ప్రతి వంతెననూ ఒక్కసారి మాత్రమే దాటుతూ ఏడింటినీ చుట్టి రాగలమా అన్నది అక్కడివారికి వినోదంగా మారిన ప్రశ్న. ప్రయత్నించి నెగ్గినవారు లేరు. అసాధ్యమని నిరూపించినవారూ లేరు.

ఆయిలర్ తన సమాధానాన్ని 1735 ఆగస్టు 26న అకాడమీ ముందుంచారు. ఆ వ్యాసం 1741లో అచ్చయింది. మొదట్లో ఆయనకు ఈ ప్రశ్న మీద పెద్ద గౌరవం లేదు. దీని పరిష్కారానికి గణితంతో పని లేదని, సామాన్య తర్కం చాలునని డాన్‌జిగ్ నగర మేయర్ కార్ల్ ఏలర్‌కు 1736లో వ్రాసిన లేఖలో పేర్కొన్నారు. అయినా కొట్టివేయలేదు. రేఖాగణితం గానీ, బీజగణితం గానీ నేరుగా అందుకోలేని ప్రశ్న కావడమే ఆయనను ఆకర్షించింది. దూరాలతో నిమిత్తం లేని స్థాన గణితం ఒకటి రావాలని లైబ్నిజ్ ఆశించిన సంగతి ఆయనకు గుర్తుకు వచ్చింది.

పరిష్కారంలోని విశేషమల్లా అక్కరలేనిదాన్ని వదిలివేయడమే. వంతెనల పొడవు, నది వంపు, వీధుల తీరు అన్నీ ఆయన పక్కన పెట్టారు. ఒక్కొక్క భూభాగానికి ఎన్ని వంతెనలు వచ్చి కలుస్తున్నాయో మాత్రం లెక్కించారు. మార్గమధ్యంలోని భూభాగంలోకి ఒక వంతెన మీదుగా వస్తే మరో వంతెన మీదుగా బయటపడాలి. కనుక ప్రతి రాకపోకకూ రెండేసి వంతెనలు ఖర్చవుతాయి. బేసి సంఖ్యలో వంతెనలున్న చోటు ప్రయాణానికి ఆరంభమో అంతమో కావలసిందే. ఆరంభం ఒకటి, అంతం ఒకటి కాబట్టి అలాంటి చోట్లు రెండుకు మించరాదు. కోనిగ్స్‌బర్గ్‌లో ద్వీపానికి 5, తక్కిన మూడు భాగాలకు మూడేసి వంతెనలున్నాయి. నాలుగూ బేసి సంఖ్యలే. కాబట్టి ఆ నడక అసాధ్యం.

బేసి చోట్లు అసలు లేకపోయినా, రెండే ఉన్నా, అన్నీ కలిసి ఉన్న మార్గాలన్నిటినీ ఒక్కొక్కసారి చుట్టి రావచ్చని కూడా ఆయన చెప్పారు. ఈ రెండో భాగానికి పూర్తి నిరూపణ మాత్రం జర్మన్ గణితజ్ఞుడు కార్ల్ హీర్‌హోల్జర్ పేరిట, ఆయన మరణానంతరం, 1873లో వెలువడింది. నేడు గ్రాఫ్ సిద్ధాంతంగా పిలిచే శాస్త్రశాఖకు ఆయిలర్ వ్యాసమే మొదటి అడుగు.

రైలు పటంపై అదే లెక్క

భూభాగాల స్థానంలో నగరాలను, వంతెనల స్థానంలో రైలు మార్గాలను ఉంచితే ఆ ఆటలోని ప్రశ్న ఇదే. ఒక ఆటగాడు అమెరికా పటంపై ఆరు మార్గాలు వేశాడనుకుందాం. సియాటెల్ నుంచి హెలీనాకు 6 పెట్టెలు, హెలీనా నుంచి డులూత్‌కు 6, డులూత్ నుంచి ఒమాహాకు 2, ఒమాహా నుంచి డెన్వర్‌కు 4, డెన్వర్ నుంచి హెలీనాకు 4, ఒమాహా నుంచి షికాగోకు 4. మొత్తం 26 పెట్టెలు. పడమటి కొసన ఉన్న సియాటెల్ నుంచి తూర్పు కొసన ఉన్న షికాగో దాకా సాగడమే అత్యంత పొడవైన మార్గమని ఎవరికైనా తోస్తుంది. అలా లెక్కిస్తే వచ్చేది 18 మాత్రమే.

ఆయిలర్ పద్ధతిలో చూస్తే సియాటెల్, షికాగోలకు ఒక్కొక్క మార్గం, హెలీనా, ఒమాహాలకు మూడేసి మార్గాలు ఉన్నాయి. బేసి నగరాలు నాలుగు. అంటే 26 పెట్టెలనూ ఒకే ప్రయాణంలో కలపడం సాధ్యం కాదు. రెండు బేసి నగరాల నడుమ ఉన్న ఏదో ఒక మార్గాన్ని వదులుకొని బేసి సంఖ్యను రెండుకు తగ్గించాలి. వదులుకునేది వీలైనంత చిన్నదిగా ఉండాలి. మిగిలిన మార్గాలు రెండు ముక్కలు కాకుండానూ చూసుకోవాలి. ఇక్కడ ఒమాహా, షికాగోల మధ్య ఉన్న 4 పెట్టెలను విడిచిపెట్టడం మేలు. అప్పుడు సియాటెల్‌లో బయలుదేరి హెలీనా, డులూత్, ఒమాహా, డెన్వర్‌ల మీదుగా తిరిగి హెలీనాకు చేరితే 22 వస్తుంది. షికాగో దాకా వెళ్లడం కంటే వెనక్కు మళ్లడమే లాభమన్నమాట.

ఆట ఇంకా ముగియకపోతే ఇదే లెక్క తరువాతి ఎత్తును కూడా సూచిస్తుంది. హెలీనా, ఒమాహాల మధ్య నేరుగా ఉన్న 5 పెట్టెల మార్గాన్ని వేస్తే ఆ రెండు నగరాలూ సరి సంఖ్యలోకి వస్తాయి. బేసి నగరాలుగా సియాటెల్, షికాగో మాత్రమే మిగులుతాయి. అప్పుడు 31 పెట్టెలూ ఒకే మార్గంగా లెక్కకు వస్తాయి. వేసింది 5 పెట్టెలే అయినా మార్గం 22 నుంచి 31కి, అంటే 9 పెట్టెల మేర పెరిగింది.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. మార్గాలన్నీ ఒకే ప్రయాణంలో ఇముడుతాయో లేదో అది వెంటనే చెబుతుంది. ఇమడనప్పుడు ఏవి వదులుకోవాలో మాత్రం వెతకవలసిందే. ఆట పటంపై ఆ వెతుకులాట తేలికే. మార్గాలు వేలకు వేలుగా పెరిగితే, ఎలాంటి అల్లికకైనా అత్యంత పొడవైన ప్రయాణాన్ని వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కంప్యూటర్ శాస్త్రానికి నేటికీ దొరకలేదు.

బెర్లిన్‌లో పాతికేళ్లు

1735లో తీవ్ర జ్వరంతో బాధపడిన ఆయిలర్‌కు ఆ తరువాత మూడేళ్లకు కుడి కంటి చూపు దాదాపు పోయింది. 1741లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ ఆహ్వానంపై ఆయన బెర్లిన్ అకాడమీకి తరలివెళ్లి 25 సంవత్సరాలు అక్కడే గడిపారు. చమత్కార సంభాషణను ఇష్టపడే రాజుకు ఈ నిరాడంబర దైవభక్తుడు నచ్చలేదు. ఒంటికన్ను రాక్షసునితో పోల్చి పరిహసించేవారు. ఆ పరిహాసాల నడుమనే ఆయన 1748లో అనంత రాశుల విశ్లేషణపై గ్రంథాన్ని, 1755లో అవకలన గణితంపై మరో గ్రంథాన్ని వెలువరించారు. వంతెనల ప్రశ్నలోని చూపు ఇక్కడా కొనసాగింది. ఘనాకృతుల్లో కొలతలు వదిలి మూలలను, అంచులను, ముఖాలను లెక్కించారు. మూలల, ముఖాల మొత్తం నుంచి అంచులను తీసివేస్తే 2 మిగులుతుందని తేల్చారు.

చదరంగం బల్లపై గుర్రం 64 గళ్లనూ ఒక్కొక్కసారి తొక్కుతూ తిరగడం ఎలాగన్న ప్రశ్నను కూడా ఆయన క్రమపద్ధతిలో పరిశోధించారు. ఇది మన దేశానికి పాత పరిచయమే. తొమ్మిదో శతాబ్దానికి చెందిన అలంకారికుడు రుద్రటుడు గుర్రపు నడకను అనుసరించి అక్షరాలు చదవగలిగే శ్లోకాన్ని తన కావ్యాలంకారంలో ఉదాహరించారు. వంతెనల ప్రశ్నలో మార్గాలను ఒక్కొక్కసారి దాటాలి. గుర్రపు ప్రశ్నలో చోట్లను ఒక్కొక్కసారి తాకాలి. వినడానికి ఒకేలా ఉన్నా రెండోదానికి బేసి, సరి లెక్క వంటి సులువు సూత్రం లేదు.

చూపు పోయినా ఆగని లెక్క

రెండవ కేథరిన్ ఆహ్వానంపై 1766లో ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చారు. కొద్దికాలానికే ఎడమ కంటికి శుక్లం కమ్మింది. 1771లో జరిగిన శస్త్రచికిత్స తొలుత ఫలించినా, ఆ చూపు నిలవలేదు. అదే ఏడాది అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయింది. బాసెల్‌కు చెందిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి చొరబడి ఆయనను బయటకు మోసుకువచ్చాడు. వ్రాతప్రతుల్లో చాలా భాగం దక్కాయి. 1773లో భార్య మరణించారు.

ఇన్ని దెబ్బల తరువాత ఆయన పని తగ్గకపోగా పెరిగింది. దర్జీ పని నేర్చిన ఒక యువకునికి చెప్పి వ్రాయించిన బీజగణిత గ్రంథం పాఠకులకు చిరకాలం ప్రియమైంది. పెద్ద కుమారుడు యోహాన్ ఆల్బ్రెక్ట్, శిష్యుడు నికోలస్ ఫుస్ మొదలైనవారు వ్రాయసకాండ్రుగా నిలిచారు. పటం కాగితంపై కాక మనసులో ఉన్నవానికి లెక్క ఆగవలసిన అవసరం కలగలేదు.

1783 సెప్టెంబర్ 18న ఆయిలర్ సహచరునితో కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహ కక్ష్యను గురించి చర్చించారు. ఆ సాయంత్రం మెదడులో రక్తస్రావమై కన్నుమూశారు. వయస్సు 76 సంవత్సరాలు. ఆయన విడిచిపోయిన వ్యాసాలను అచ్చువేయడానికి అకాడమీకి మరో అర్ధశతాబ్దం పట్టింది. 20వ శతాబ్ది ఆరంభంలో గుస్తావ్ ఎనెస్ట్రోమ్ కూర్చిన జాబితాలో ఆయన రచనలు 866గా తేలాయి.

భారత్‌తో అనుబంధం

భారతీయుల సౌరసంవత్సర గణనపై ఆయిలర్ వ్రాసిన చిన్న వ్యాసం 1738లో థియోఫిలస్ బేయర్ గ్రంథానికి అనుబంధంగా అచ్చయింది. భారతీయ గణితజ్ఞులు ఆయనకు బదులు చెప్పిన సందర్భమూ ఉంది. ఆరు దళాలు, ఆరు హోదాలకు చెందిన 36 మంది సైనికాధికారులను ఏ వరుసలోనూ, ఏ నిలువులోనూ దళం గానీ హోదా గానీ పునరావృతం కాకుండా చతురస్రంగా నిలపలేమని ఆయన భావించారు. 10, 14, 18 వంటి సంఖ్యలకూ ఇది వర్తిస్తుందని ఊహించారు. ఆరు విషయంలో ఆయన మాట నిలిచింది. తక్కిన ఊహను 1959లో రాజచంద్ర బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే, అమెరికాకు చెందిన ఇ.టి. పార్కర్ తప్పని తేల్చారు.

కోనిగ్స్‌బర్గ్ ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుదాడుల్లో ఏడు వంతెనల్లో కొన్ని కూలిపోయాయి. అయినా పురవాసుల కాలక్షేపానికి పుట్టిన ఆ ప్రశ్నను తీసిపారేయకుండా ఆయిలర్ ఇచ్చిన సమాధానం నేటికీ పనికివస్తోంది. రైలు ఆట చివర పొడవు గురించి మాటామాటా పెరిగినప్పుడు పటంపై వేలు పెట్టే ముందు బేసి మార్గాలున్న నగరాలు ఎన్నో లెక్కిస్తే చాలు. రెండో, సున్నానో అయితే వాదన అక్కడితో ముగుస్తుంది. నాలుగైతే ఏ మార్గాన్ని వదులుకోవాలన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది.