తోడబుట్టినవాళ్లను మింగిన జబ్బుకు మందిచ్చినవాడు

మల్కాపురంలో ఏ మందుల షాపులో అడిగినా డాక్సీసైక్లిన్ దొరుకుతుంది. ఆ మాత్ర కుటుంబంలో మొదటి మందు పుట్టిన ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించింది మన భీమవరం మనిషని చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. కొద్ది రోజుల తేడాతో ఆయన తోడబుట్టిన ఇద్దరు చనిపోయారు. జబ్బు స్ప్రూ. ఇందులో పేగుల్లో చేరకూడని బ్యాక్టీరియా పెరిగిపోతుంది, తిన్నది ఒంటబట్టదు. విరేచనాలతో మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. అప్పటికి దీనికి సరైన మందే లేదు.

సుబ్బారావు అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధనలో చేరారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర కూడా ఆయన సారథ్యంలో వచ్చిందే. అదే సంస్థలో బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును వెలికితీశారు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. 1948లో అది వైద్యలోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. మళ్లీ సొంతగడ్డ చూడనేలేదు.

బ్యాక్టీరియా బతకాలంటే ప్రొటీన్లు తయారుచేసుకోవాలి. టెట్రాసైక్లిన్ మందులు ఆ పనికి అడ్డుపడతాయి. దాంతో దాని పెరుగుదల ఆగిపోతుంది, మిగతా పని మన రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. స్క్రబ్ టైఫస్, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, కలరా వంటి వాటికి ఈ కుటుంబం మందులు నేటికీ వాడుతున్నారు. జలుబు, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి కాబట్టి వాటిపై ఇవి పనిచేయవు.

విచిత్రమేమిటంటే, ఇప్పుడు స్ప్రూకు ఇచ్చే చికిత్సలో ప్రధానమైనవి రెండే: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు పుట్టిందీ ఆయన పరిశోధనలు నడిపించిన చోటే.

జ్వరం రాగానే షాపులో అడిగి రెండు మాత్రలు మింగి ఊరుకుంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. చీటీలో రాసినన్ని రోజులూ వాడాలి. ఇంత కష్టపడి సాధించిన మందును మన పిల్లల నాటికీ పనిచేసేలా కాపాడుకోవడం మన చేతుల్లోనే ఉంది.