జిల్లాకు పేరైన మనిషి

మాది నాచారం. బడిలో ఉన్నన్ని రోజులు అడ్రసు కింద ఆఖరి వరసలో రంగారెడ్డి జిల్లా అని రాసేవాణ్ణి. ఆ రంగారెడ్డి ఎవరని ఒక్కనాడూ అడగలేదు. 2016 అక్టోబరులో ఉప్పల్, నాచారం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి పోయినంక, రాసే పేరు మారితే గాని నాకా ప్రశ్న తట్టలేదు.

కొండా వెంకట రంగారెడ్డి 1890 డిసెంబరు 12న మొయినాబాదు దగ్గరి పెద్దమంగళారంలో పుట్టినారు. హైదరాబాదులో వకీలు. కోర్టులూ కచేరీలూ ఉర్దూలో నడిచే నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు సభ పెట్టి తెలుగులో మాట్లాడటమే ఒక సాహసం. అట్లాంటి ఆంధ్ర మహాసభకు ఆయన రెండుసార్లు అధ్యక్షులైనారు, 1936లో షాద్‌నగర్‌లోనూ 1943లో హైదరాబాదులోనూ. 1952లో బూర్గుల మంత్రివర్గంలో ఎక్సైజు, అటవీ శాఖలు చూసినారు.

నన్ను పట్టి నిలిపింది మాత్రం 1956. తెలంగాణ వేరుగా ఉండాలన్న పట్టు ఆయనది. ఫజల్ అలీ కమిషన్ కూడా అప్పటికి వేరుగానే ఉంచమన్నది. అయినా ఢిల్లీ పెద్దల మొగ్గు విలీనం వైపే. ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన తెలంగాణ నాయకులు నలుగురు: బూర్గుల, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు, ఈయన. వద్దన్న మనిషే ఎందుకు చేసినారు? ఎట్లాగూ ఆగదనుకున్నప్పుడు షరతులైనా కాగితం మీదికి తేవాలనుకున్నారని నా ఊహ. వకీలు బుద్ధి గదా! ముఖ్యమంత్రి ఆంధ్రవారైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవారు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఆ కుర్చీ లేదు. తర్వాత సంజీవయ్యగారి మంత్రివర్గంలో ఆ పదవి రంగారెడ్డిగారికే దక్కింది. ఒక్క షరతు తీరింది సరే, ఉద్యోగాలు, మిగులు నిధుల మాటేమిటి? ఆ కోపమే 1969లో మన క్యాంపస్ నుంచి వీధుల్లోకి వచ్చింది. ముసలితనంలో ఉన్న రంగారెడ్డిగారు తెలంగాణ కోరిన పిల్లల పక్షమే నిలిచినారు. 1970 జులై 24న కన్నుమూసినారు.

1978 ఆగస్టు 15న కొత్త జిల్లా వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి ఆయన మేనల్లుడే. మామ పేరు అల్లుడు పెట్టుకున్నాడని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఆయన పుట్టిన పెద్దమంగళారం ఇప్పటికీ ఆ జిల్లాలోనే ఉన్నది. మా నాచారం లేదు. నా పాత సర్టిఫికెట్ల మీద మాత్రం ఆ పేరు అట్లనే ఉన్నది.