ఆనంద భిక్షువు

గౌతమ బుద్ధుని శిష్యులలో ఆనందుడు మిక్కిలి ప్రసిద్ధుడు. ఇతడు శాక్యవంశమున జన్మించెను. బుద్ధునకు పినతండ్రి కుమారుడు. సుమారు 2,500 సంవత్సరములకు పూర్వము ఇతడు రాజభోగములను త్యజించి, అనురుద్ధుడు మొదలగు బంధువులతోను, వారి క్షురకుడైన ఉపాలితోను కూడి భిక్షుసంఘమున చేరెను.

బుద్ధునకు 55 ఏండ్లు వచ్చిన పిమ్మట, నిత్యము పరిచర్య చేయుటకు ఒక భిక్షువు కావలసివచ్చెను. ఆనందుడు అందులకు సమ్మతించుచు కొన్ని నియమములను కోరెను. గురువునకు లభించిన మంచి వస్త్రములను గాని భిక్షను గాని తనకు ఈయరాదు. తాను లేని చోట చేసిన ఉపదేశమును మరల తనకు వినిపింపవలెను. లాభము కొఱకు సేవించుచున్నాడను నింద రాకుండుటకు మొదటి నియమము. ధర్మములో ఒక్క మాటయు జారిపోకుండుటకు రెండవది. నాటి నుండి 25 సంవత్సరములు అతడు నీడవలె గురువును వెన్నంటియుండెను. ఆ కాలమున ఉపదేశములను గ్రంథస్థము చేయు ఆచారము లేదు. ఆనందుని జ్ఞాపకశక్తియే సంఘమునకు గ్రంథాలయము.

బుద్ధుని ఉపదేశములలో స్మృతి ముఖ్యమైనది. పాళీ భాషలో దీనిని సతి యందురు. స్మృతి యనగా జ్ఞాపకమని మనమెరిగిన అర్థము. బుద్ధుడు బోధించిన స్మృతి, జరుగుచున్న క్షణమునందు మనస్సు మేలుకొనియుండుట. కురుదేశములోని కమ్మాసదమ్మ పట్టణమున ఆయన దీనిని విపులముగా బోధించెను. శరీరము, సుఖదుఃఖానుభవములు, చిత్తము, మనస్సునకు గోచరించు ధర్మములు అను నాలుగును దీనికి ఆధారములు. సాధకుడు ఏకాంతమున కూర్చుండి తన ఊపిరిని గమనించును. అది దీర్ఘమైనచో దీర్ఘమనియు, హ్రస్వమైనచో హ్రస్వమనియు ఎరుగును. నడచునప్పుడు తాను నడచుచున్నట్లు ఎరుగును. సుఖము కలిగినచో దానిని పట్టుకొనడు. దుఃఖము కలిగినచో ద్వేషింపడు. రెండును వచ్చి పోవుటను చూచుచుండును. ఇంతలో మనస్సు ఎచటికో పరుగిడును. అది పరుగిడినదని తెలిసికొన్న క్షణమే స్మృతి మరల ఉదయించిన క్షణము. సాధకుడు విసుగు చెందక మనస్సును మరల ఊపిరి యొద్దకు తెచ్చును. పలుమార్లు ఇట్లు చేయగా స్మృతి స్థిరపడును.

ఇదియంతయు ఆనందునకు కంఠస్థమే. కాని విన్నదానిని నిలుపుకొనుట వేరు. దానిని తనయందు పండించుకొనుట వేరు. గురుసేవయందును, ఇతరులకు సాయపడుటయందును అతని కాలము గడచిపోయెను. బుద్ధుడు తన 80వ యేట కుశీనగరమున నిర్యాణమునకు సిద్ధపడగా, ఆనందుడు తలుపును ఆనుకొని విలపించెను. తాను నేర్వవలసినది ఇంకను మిగిలియున్నదే యని అతని దుఃఖము.

అనంతరము ధర్మమును సమకూర్చుటకు మహాకాశ్యపుడు రాజగృహమున 500 మంది భిక్షువులతో సభ తలపెట్టెను. ఎన్నుకొనబడినవారిలో ఆనందుడు తప్ప అందరును అర్హతులు, అనగా ముక్తి నొందినవారు. ఆనందుడు లేనిదే ధర్మమును చెప్పగలవారు లేరు. అందుచే భిక్షువులు కోరగా అతనిని కూడ చేర్చుకొనిరి. ఆ సభలో తానొక్కడే అసంపూర్ణుడై కూర్చుండుట తగదని ఆనందుడు తలచెను.

సభకు ముందు రాత్రి అతడు నిదురింపలేదు. శరీరమునందు స్మృతి నిలిపి, వెనుకకు ముందుకు నడచుచు సాధన చేసెను. రాత్రి చాల భాగము గడచినను ఫలము కలుగలేదు. తన యత్నమే మితిమీరి మనస్సును కలవరపెట్టుచున్నదని అతడు గుర్తించెను. తెల్లవారుచుండగా, కొంత విశ్రమింతమని శయ్యపై ఒరగెను. పాదములు నేలను విడిచినవి. తల ఇంకను తలగడను తాకలేదు. ఆ నడిమి క్షణమున అతని చిత్తము బంధవిముక్తమయ్యెనని బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి.

మరునాడు ఆనందుడు అర్హతుడై సభలో ప్రవేశించెను. ఉపాలి వినయ నియమములను చెప్పగా, ఆనందుడు ధర్మోపదేశములను వినిపించెను. సూత్రములు అనేకము, తాను విన్నది విన్నట్లు చెప్పుచున్నానను అతని మాటతోనే ఆరంభమగును. శిష్యపరంపర వానిని నోటనే కాపాడగా, క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున సింహళ ద్వీపమున అవి గ్రంథస్థములయ్యెను.

పాతికేండ్లు గురువు మాటలను మోసిన ఆనందునకు, ఆ మాటల ఫలము తన అడుగును తానెరిగి నడచిన రాత్రియందే లభించెను. కంఠస్థమైన విద్య ఆచరణలోనికి వచ్చినప్పుడే సార్థకమగును.